పాత డైవింగ్ స్కూటరుకు లిథియం బ్యాటరీ: ముందు సీలు, తర్వాత బరువు, చివరికి వేగం

నమస్కారం. పర్లాకిమిడి నుంచి మీరు రాసిన దానిలో నాకు అర్థమైనది ఇది. 24 వోల్టుల పాత డైవర్ స్కూటరు, అంటే నీటి అడుగున డైవరును లాగే ప్రొపెల్లర్ యంత్రం, ఒకటి మీ చేతికి వచ్చింది. అందులో 12 వోల్టుల, 26 ఆంపియర్-అవర్ సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీలు రెండు సీరీస్‌లో ఉన్నాయి. చలికాలంలో గోపాలపూర్ సముద్రంలోనూ, తక్కిన కాలంలో అనుమతి దొరికినప్పుడు కొరాపుట్ దగ్గరి కోలాబ్ జలాశయంలోనూ దాన్ని వాడాలని అనుకుంటున్నారు. మీరు మూడు విషయాలు అడిగారు. బ్యాటరీలు తీసేసి లిథియం పెట్టవచ్చా, 36 వోల్టులకు పెంచితే వేగం వస్తుందా, ప్రతి డైవ్ తర్వాత మోటారు గదిలో కనబడుతున్న కొద్దిపాటి నీటికి కారణం ఏమిటి అని. నేను మీ చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే చివర రాసిన ఆ కొద్దిపాటి నీరే మీ అసలు సమస్య. నీరు కారే పెట్టెలో లిథియం బ్యాటరీ పెట్టడమంటే చిన్న లోపాన్ని పెద్ద ప్రమాదంగా మార్చడమే. బరంపురంలో ఉంటూ ఇటువంటి సామాను చాలాకాలంగా విప్పి బిగిస్తున్న అనుభవంతో ఇది గట్టిగా చెబుతున్నాను.

నీరు ఎక్కడి నుంచి వస్తోందో ఊహించకండి, తేల్చుకోండి. నీరు లోపలికి రాగల దారులు నాలుగే. అవి స్కూటరు ముక్కు (ముందు కొన) మూత దగ్గరి ఓ-రింగు (గుండ్రని రబ్బరు సీలు), మోటారు గదిని కలిపే చోట ఉన్న ఓ-రింగు, హ్యాండిల్ మీది స్విచ్చి తీగ లోపలికి దిగే చోటు, ప్రొపెల్లర్ షాఫ్టు బయటికి వచ్చే చోటు. బ్యాటరీలు తీసేసి, ఒక్కొక్క జాయింటు కింద లోపలి వైపు పొడి టిష్యూ కాగితం చుట్టి అంటించి, మూత బిగించి, సిమెంటు తొట్టెలో బరువులతో ముంచి ఉంచండి. మొదట ముక్కు కిందికి, తర్వాత తోక కిందికి వచ్చేలా పెట్టి, రెండోసారి షాఫ్టును చేత్తో నెమ్మదిగా తిప్పుతూ ఉండండి. నిశ్చలంగా ఉన్నప్పుడు పొడిగా ఉండి, తిప్పినప్పుడు మాత్రమే తడిసిందంటే దోషం షాఫ్టు సీలుదే.

దీనికంటే నమ్మకమైనది వాక్యూమ్ పరీక్ష. కార్ల మెకానిక్కులు బ్రేక్ ఆయిల్ లాగడానికి వాడే చేతి పంపు, దానికి ఉండే మీటరు ఇందుకు సరిపోతాయి. ముక్కు మూతకు మరలు కోసిన ఒక చిన్న రంధ్రం, దానికి ఓ-రింగు ఉన్న మూత పెట్టించుకుంటే చాలు. లోపలి గాలిని బయటి ఒత్తిడికంటే 200 నుంచి 250 మిల్లీబార్ల తక్కువకు లాగి అరగంట వదిలేయండి. గది వేడి 3 డిగ్రీలు మారితే మీటరు దాదాపు 8 మిల్లీబార్లు కదులుతుంది కాబట్టి ఎండ తగలని చోట చేయాలి. అంతకు మించి పడిపోతే ఎక్కడో దారి ఉన్నట్టే. కొందరు ఇందుకు బదులుగా సైకిలు పంపుతో లోపలికి గాలి కొట్టి సబ్బు నురుగు పూస్తారు. ఆ పని చేయవద్దని నా గట్టి సలహా. స్కూటరు సీళ్లన్నీ బయటి నుంచి లోపలికి వచ్చే ఒత్తిడిని ఆపడానికి అమర్చినవి. లోపలి నుంచి నెట్టితే మంచి సీలు కూడా షాఫ్టును హత్తుకునే తన పెదవి విప్పుకొని తప్పుడు ఫలితం చూపుతుంది, పైగా మూత ఎగిరి ముఖానికి తగిలే ప్రమాదం ఉంది. వాక్యూమ్ లాగినప్పుడు మాత్రం ఒత్తిడి నీటిలో ఉన్నప్పటి దిశలోనే పనిచేస్తుంది.

మీరు రాసిన మరో మాట నన్ను షాఫ్టు వైపే చూడమంటోంది. పాత యజమాని స్థానికంగా ఆయిల్ సీలు మార్పించాడని రాశారు. మోటారు సైకిళ్ల విడిభాగాల దుకాణాల్లో దొరికే మామూలు ఆయిల్ సీలు 0.3 నుంచి 0.5 బార్ ఒత్తిడి వరకే తట్టుకునేలా తయారవుతుంది, ఎందుకంటే దాని పని ఇంజను నూనెను ఆపడం మాత్రమే. పది మీటర్ల లోతుకు దిగగానే బయటి నీరు అదనంగా ఒక బార్ ఒత్తిడితో నెడుతుంది. ఆ ఒత్తిడికి మామూలు సీలు పెదవి షాఫ్టుకు అతిగా అతుక్కుపోయి, రాపిడికి వేడెక్కి, కొద్ది గంటల్లోనే అరిగి గట్టిపడిపోతుంది. మీకు కావలసింది పెదవి పొట్టిగా, మందంగా ఉండి, ఒత్తిడి తట్టుకునే రకమని తయారీదారే ధ్రువీకరించిన సీలు. దానిలోని స్ప్రింగు స్టెయిన్‌లెస్ స్టీలుది కావాలి. మామూలు ఉక్కు స్ప్రింగు గోపాలపూర్ ఉప్పునీటిలో ఒక సీజను తిరిగేలోగా తుప్పు పట్టి తెగిపోతుంది, తెగిన ముక్క షాఫ్టునే గీస్తుంది. స్ప్రింగు కనబడే వైపు నీటికి ఎదురుగా ఉండాలి. రెండు సీళ్లు వరుసగా ఉన్న స్కూటర్లలో వాటి మధ్య ఖాళీని నీటికి కరగని మెరైన్ గ్రీజుతో నింపాలి, ఏడాదికొకసారి ఆ గ్రీజు తీసి చూడాలి. గ్రీజు పాలలా తెల్లబడి ఉంటే బయటి సీలు నీటిని వదులుతోందని ముందుగానే తెలిసిపోతుంది.

సీలు ఒక్కటి మార్చి ఊరుకుంటే పని పూర్తి కాదు. పాత పెదవి తిరిగిన చోట షాఫ్టు మీద గోరుకు తగిలే గాడి ఏర్పడి ఉంటుంది. కొత్త సీలు ఆ గాడిలోనే కూర్చుంటే మళ్లీ అదే కథ. ఇందుకు రెండు మార్గాలున్నాయి. సీలు వెనుక రెండు మిల్లీమీటర్ల వాషరు వేసి, పెదవి కొత్త లోహం మీద తిరిగేలా కొద్దిగా జరపడం మొదటిది. చోటు ఉంటే నేను దీన్నే ఎంచుకుంటాను. పల్చని స్టెయిన్‌లెస్ తొడుగు ఎక్కించడం రెండోది. లేత్ మేస్త్రీ చేత షాఫ్టును నునుపు చేయించేటట్లయితే ఒక్క సంగతి ఆయనకు తప్పక చెప్పండి. ఎమరీ కాగితాన్ని షాఫ్టు పొడవునా అటూ ఇటూ జరుపుతూ రుద్దితే కంటికి కనబడని మెలిక గీతలు పడతాయి. షాఫ్టు తిరిగినప్పుడు ఆ గీతలు మరలాగా పనిచేసి నీటిని తామే లోపలికి తోడిపోస్తాయి. కాగితాన్ని ఒకేచోట నిలిపి నేరుగా అదిమి నునుపు చేయాలి. సీలు తిరిగే చోట ఉపరితలం గరుకుదనం 0.2 నుంచి 0.8 మైక్రోమీటర్ల మధ్య ఉండాలన్నది సీలు తయారీదారులు ఇచ్చే కొలత. మరీ అద్దంలా చేసినా గ్రీజు పొర నిలవదు.

మీ స్కూటరులో పెదవి సీలుకు బదులు కార్బన్, సిరామిక్ బిళ్లలు ఒకదానిపై ఒకటి తిరిగే మెకానికల్ సీలు ఉన్నట్టయితే, దాన్ని బరంపురంలో గానీ మీ ఊళ్లో గానీ సబ్‌మెర్సిబుల్ బోరు మోటార్లు బాగుచేసే మెకానిక్కుకు చూపించండి. అటువంటి సీళ్లతో రోజూ పనిచేసే మనిషి మన ప్రాంతంలో ఆయనే. ఆ రకం సీలును నీటి బయట తిప్పి చూడకూడదు. నీరే దానికి తడి, చల్లదనం. పొడిగా కొద్దిసేపు తిరిగినా కార్బన్ ముఖం కాలిపోతుంది.

ఇక సీళ్లను చంపే అసలు శత్రువు మన తీరంలో నైలాన్ దారం. గోపాలపూర్ దగ్గర తెగిపోయి కొట్టుకొచ్చే వల ముక్కలు, కోలాబ్‌లో చేపల కోసం కట్టిన వలలు, తేలుడు తాళ్లు ప్రొపెల్లర్‌లోకి లాగబడి హబ్ వెనుక షాఫ్టుకు చుట్టుకుంటాయి. వేగంగా తిరిగే వేడికి కరిగి గట్టి ఉంగరంలా మారి సీలు పెదవిని కోస్తాయి. బయటి నుంచి చూస్తే ఏమీ కనబడదు. అందుకే ప్రతి డైవింగ్ రోజు చివర ప్రొపెల్లర్ ఊడదీసి హబ్ వెనుక చూడడం నా దృష్టిలో తప్పనిసరి. ప్రొపెల్లర్ చుట్టూ ఉన్న కవచానికి మీరే జాలీ కట్టాలనుకుంటే మాత్రం తొందరపడకండి. సన్నని జాలీ నీటి ప్రవాహాన్ని అడ్డుకుని నెట్టుడు బలాన్ని తగ్గిస్తుంది, దారాన్ని మాత్రం ఆపదు. వలకు దూరంగా ఉండడం, రెండు కత్తిరించే సాధనాలు ఒంటి మీద చేతికందే చోట ఉంచుకోవడం, ప్రొపెల్లర్‌లోకి ఏదైనా పోయిందన్న అనుమానం రాగానే మోటారు నడిపే మీట వదలడం, ఇవే పనికొచ్చేవి.

ఓ-రింగుల సంగతి త్వరగా చెప్పి ముందుకు వెళతాను. అవి సాధారణంగా 70 షోర్ గట్టిదనం ఉన్న నైట్రైల్ రబ్బరువి. ముక్కు మూత తీసిన ప్రతిసారీ రింగును వేలితో పక్కకు నెట్టి ఎత్తి, గాడిని నూగు రాలని గుడ్డతో తుడిచి, వెంట్రుక గానీ ఇసుక రేణువు గానీ లేదని వేలికొనతో తడిమి చూడాలి. స్క్రూడ్రైవరు, సూది దగ్గరికి రానివ్వకండి. రింగు తెగితే కొత్తది దొరుకుతుంది, గాడి గీసుకుపోతే బాడీయే పోతుంది. సిలికాన్ గ్రీజు రింగు మెరిసేంత పల్చగా పూస్తే చాలు. ఎక్కువ పూస్తే అది ఇసుకను పట్టి ఉంచుతుంది. 20 సెంటీమీటర్ల వ్యాసమున్న మూత మీద 30 మీటర్ల లోతులో నీరు దాదాపు 940 కిలోల బలంతో నొక్కుతుంది. కాబట్టి లోతులో మూత తనంతట తానే బిగుసుకుంటుంది. చాలా లీకులు జరిగేది పడవ పక్కన, అలల్లో, ఒకటి రెండు మీటర్ల లోతులో రింగు ఇంకా సరిగా కూర్చోకముందే. వాక్యూమ్ పరీక్ష పాసైన తర్వాత ఆ వాక్యూమ్‌ను అలాగే ఉంచి దిగితే ఈ తొలి నిమిషాల బెడద కూడా తప్పుతుంది.

మీ విషయంలో ప్రత్యేకంగా చెప్పవలసిన మరో సంగతి ఉంది. కోలాబ్ జలాశయం సముద్రమట్టానికి దాదాపు 850 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి గాలి ఒత్తిడి తీరంలోకంటే సుమారు 100 మిల్లీబార్లు తక్కువ. గోపాలపూర్‌లో బిగించిన స్కూటరును ఘాట్ రోడ్డు మీదుగా కొరాపుట్ తీసుకెళితే లోపలి గాలి ఆ మూతను 30 కిలోలకు పైగా బలంతో బయటికి నెడుతూ ఉంటుంది. క్లిప్పులు విప్పగానే అది ఎగరవచ్చు. అక్కడ బిగించి కిందికి తెస్తే మూత ఊడిరాదు, అప్పుడు స్క్రూడ్రైవరుతో పొడవాలనే బుద్ధి పుడుతుంది. ప్రయాణంలో ముక్కు మూత వదులుగా ఉంచడమే సరైన పద్ధతి. ఆ ఎత్తులో డైవ్ చేసేటప్పుడు మీ డైవ్ కంప్యూటరు ఎత్తును లెక్కలోకి తీసుకునేలా అమర్చుకోవాలని మీకు తెలిసే ఉంటుంది. 300 మీటర్లు దాటిన ఏ చోటైనా సముద్రమట్టపు పట్టికలు పనికిరావు.

లీకు పూర్తిగా ఆగి, కొన్ని డైవులు పొడిగా గడిచాక బ్యాటరీ మాటకు రండి. అంతవరకు పాత లెడ్ యాసిడ్‌తోనే నడపండి, అయితే చార్జింగ్ చేసేటప్పుడు మూత తప్పకుండా తీసి, గాలి ఆడే చోట పెట్టండి. లెడ్ యాసిడ్ బ్యాటరీ సీల్డ్ అయినా హైడ్రోజన్ వదలగలదు. గాలిలో 4 నుంచి 75 శాతం వరకు ఏ పాళ్లలో కలిసినా ఆ వాయువు నిప్పురవ్వకు పేలుతుంది, స్విచ్చి రిలేలో (మోటారు కరెంటును కలిపే, తెంపే భాగంలో) రవ్వ పుట్టడం మామూలే. చార్జింగ్ అయ్యాక కొన్ని గంటలు తెరిచి ఉంచి, దిగే ముందు మాత్రమే మూయండి. డైవ్ ముగిసి స్కూటరు మీది నీరు ఆరగానే మళ్లీ తెరవండి.

లిథియంలో మీకు నేను చెప్పేది ఐరన్ ఫాస్ఫేట్ రకం మాత్రమే. రోడ్డు మీద తిరిగే ఎలక్ట్రిక్ స్కూటర్లలో వాడే నికెల్ రకం సెల్లు తక్కువ బరువులో ఎక్కువ శక్తి ఇస్తాయి, కానీ దెబ్బతిన్నప్పుడు మంటకు తొందరగా లొంగుతాయి. స్కూటరు బాడీ అయిన మూసిన గొట్టంలో, మనిషి ముఖానికి అడుగు దూరంలో ఉండే బ్యాటరీకి ఆ గుణం తగదు. పైగా తక్కువ బరువు మనకు లాభమే కాదు, ఆ సంగతి కింద చెబుతాను. ఐరన్ ఫాస్ఫేట్ సెల్లు ఒక్కొక్కటి 3.2 వోల్టులు. ఎనిమిది వరుసగా పెడితే 25.6 వోల్టులు, నిండుగా చార్జ్ అయితే 29.2 వోల్టులు. మీ 24 వోల్టుల మోటారుకు ఇది సరిగ్గా తగిన జోడీ. 30 ఆంపియర్-అవర్ ప్యాకు తీసుకుంటే చాలు. మీ మోటారు 25 ఆంపియర్ల దాకా లాగుతుందనుకుందాం. లెడ్ యాసిడ్ మీద రాసి ఉన్న 26 ఆంపియర్-అవర్ అనేది 20 గంటల పాటు నెమ్మదిగా వాడితే వచ్చే లెక్క. అంత వేగంగా లాగితే అందులో అరవై శాతం దాకా మాత్రమే చేతికి వస్తుంది, అంటే ముప్పావు గంట కూడా నడవదు. 30 ఆంపియర్-అవర్ ఐరన్ ఫాస్ఫేట్ ప్యాకు అదే మోటారును గంటకు పైగా నడుపుతుంది.

ప్యాకులో ఉండే రక్షణ సర్క్యూటును, బీఎంఎస్ అని దుకాణాల్లో అడిగేదాన్ని, మోటారు మామూలుగా లాగే కరెంటుకు కనీసం రెట్టింపు సామర్థ్యంతో ఎంచుకోండి. బ్రష్ మోటారు నిలిచిన స్థితి నుంచి మొదలైన క్షణంలో చాలా రెట్లు కరెంటు లాగుతుంది. బీఎంఎస్ చిన్నదైతే మీట నొక్కిన ప్రతిసారీ అది తెగిపోతుంది. పాజిటివ్ టెర్మినల్‌కు వీలైనంత దగ్గరగా డీసీకి తగిన 40 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి. ఇళ్లలో వాడే ఏసీ ఎంసీబీ ఆ పనికి రాదు, డీసీ రవ్వను అది నమ్మకంగా ఆర్పలేదు. పాత లెడ్ యాసిడ్ చార్జరును మళ్లీ వాడవద్దు. సల్ఫేటు విడగొట్టే పల్సులు ఇచ్చే చార్జర్లు లిథియం సెల్లకు హాని చేస్తాయి. 29.2 వోల్టుల దగ్గర ఆగే ఐరన్ ఫాస్ఫేట్ చార్జరు కొనండి. బరంపురంలో ఇ-రిక్షా బ్యాటరీలు కట్టే దుకాణాల్లో ప్యాకు చేయిస్తే, సెల్లకు పట్టీలు స్పాట్ వెల్డింగ్‌తోనే అతికించాలనీ, సోల్డరింగ్ వద్దనీ, ఎనిమిది సెల్లను కలపడానికి ముందు ఒకే వోల్టేజీకి తేవాలనీ చెప్పి దగ్గరుండి చూడండి.

ఒక తేడా మాత్రం నీటిలోకి దిగకముందే బుర్రకెక్కాలి. లెడ్ యాసిడ్ అయిపోతున్నప్పుడు స్కూటరు నెమ్మదిస్తుంది, మీకు సూచన అందుతుంది. ఐరన్ ఫాస్ఫేట్ చివరి దాకా ఒకే వోల్టేజీ ఇచ్చి, బీఎంఎస్ తెంపగానే ఒక్కసారిగా చచ్చిపోతుంది. అందువల్ల వోల్ట్‌మీటరు చూసి ఎంత మిగిలిందో తెలుసుకోవడం సాధ్యం కాదు. వాడిన ఆంపియర్-అవర్లను లెక్కపెట్టే మీటరు గానీ, అది లేకపోతే మీట నొక్కిన నిమిషాల లెక్క గానీ ఉండాలి.

ఇప్పుడు బరువు. ఇక్కడే చాలామంది మార్పు చేసి తర్వాత విసిగిపోతారు. పాత బ్యాటరీలు రెండూ కలిపి దాదాపు 17 కిలోలు. కొత్త ప్యాకు తీగలతో సహా 7 కిలోల చుట్టూ ఉంటుంది. గొట్టం ఆక్రమించే నీరు మారదు కాబట్టి, తీసిన ఆ 10 కిలోలను సీసంగా తిరిగి పెట్టకపోతే స్కూటరు మిమ్మల్ని పైకి లాగుతుంది. సీసం గొట్టం లోపల పెడితే 10 కిలోలకు 10 కిలోలే. బయట కట్టితే ఆ సీసమే దాదాపు 0.9 లీటరు నీటిని తొలగిస్తుంది గనుక 11 కిలోల దాకా కావాలి. లోపలే, గొట్టం అడుగున, పాత బ్యాటరీల బరువు కేంద్రం ఎక్కడుందో సరిగ్గా అక్కడ వచ్చేలా, కదలకుండా బిగించండి. బరువు కిందికి ఉంటే ప్రొపెల్లర్ తిరుగుడుకు స్కూటరు పక్కకు ఒరగడం కూడా తగ్గుతుంది. ముందుకు గానీ వెనక్కి గానీ జరిగితే ముక్కు వాలి మణికట్టు నొప్పి పుడుతుంది. వదిలేస్తే అడ్డంగా నిలిచి, చాలా నెమ్మదిగా, నూరు రెండు వందల గ్రాముల తేలుడుతో పైకి వెళ్లేలా సర్దడం నాకు ఇష్టం.

మీరు రెండు రకాల నీళ్లలో తిరుగుతారు కాబట్టి ఇది కూడా లెక్కలో ఉండాలి. సముద్రపు నీరు లీటరుకు సుమారు 1.025 కిలోలు, కోలాబ్ మంచినీరు ఒక కిలో. మీ స్కూటరు 30 లీటర్ల నీటిని తొలగిస్తే ఆ తేడా ముప్పావు కిలో. గోపాలపూర్‌లో సరిగ్గా సర్దిన స్కూటరు కోలాబ్‌లో చేయి జారితే నేరుగా అడుగుకు పోతుంది. అడుగంతా బురద, మునిగిన చెట్ల మోడులు ఉన్న జలాశయంలో దాన్ని వెతకడం కష్టం. అందుకని ముప్పావు కిలో సీసాన్ని స్క్రూతో తీసి పెట్టగలిగే విడి ముక్కగా ఉంచుకోండి, కొండ ఎక్కే ముందు తీసేయండి.

మీట విషయంలో రాజీ పడవద్దు. చాలా స్కూటర్లలో హ్యాండిల్ మీద అయస్కాంతం, గొట్టం లోపల రీడ్ స్విచ్చి (అయస్కాంతం దగ్గరికి రాగానే కలిసేది), అది నడిపే రిలే ఉంటాయి. రిలే కాంటాక్టులు రవ్వకు అతుక్కుపోయినా, ఎలక్ట్రానిక్ కంట్రోలరులో మాస్‌ఫెట్ (స్విచ్చిలా పనిచేసే ట్రాన్సిస్టరు) కాలిపోయినా, సాధారణంగా మోటారు ఆగిపోవడం కాదు, ఆగకుండా తిరగడమే జరుగుతుంది. మీట వదిలినా లాగుతూ పోయే స్కూటరు మిమ్మల్ని ఊపిరి వదిలే లోపే పైకి తీసుకెళ్లగలదు. రిలేతో పాటు సీరీస్‌లో మరో తెంపే సాధనం, అంటే బయటి నుంచి అయస్కాంతపు తాళంతో తెంపగలిగేది, తప్పనిసరిగా పెట్టించండి. అదీ పనిచేయకపోతే స్కూటరు ముక్కును అడ్డంగా తిప్పి, ఒకే లోతులో గుండ్రంగా తిరుగుతూ, మీ నడుము పట్టీని స్కూటరుకు కలిపే లాగుడు తాడును విప్పేయాలి. ఆ తాడు చివరి కొక్కెం లోహానికి లోహంగా కాకుండా, కత్తితో కోయగలిగే దారంతో కట్టి ఉండాలి. దారం కాలంతో బలహీనపడి తెగిపోతుందని దానికి బదులు గొలుసు వాడేవారు ఉన్నారు, అది నేను ఒప్పుకోను.

మీరు అడిగిన వేగం సంగతి. 24 వోల్టుల మోటారుకు 36 వోల్టులు ఇస్తే ప్రొపెల్లర్ సుమారు ఒకటిన్నర రెట్లు తిరగాలని చూస్తుంది. ప్రొపెల్లర్ కోరే శక్తి తిరుగుడు వేగానికి మూడో ఘాతంలో పెరుగుతుంది, అంటే మూడు రెట్లకు పైనే. కరెంటు 25 ఆంపియర్ల నుంచి 55 దాటుతుంది. బ్రష్‌లు, కాంటాక్టులు, తీగలు దేనికీ అంత ఓర్పు లేదు. పోనీ అన్నీ మార్చినా వచ్చే వేగం మీరు అనుకున్నంత ఉండదు, ఎందుకంటే నీటిలో అడ్డు స్కూటరుది కాదు, మీ ఒంటిది, సిలిండరుది, వేలాడే గొట్టాలది. పదిశాతం వేగం పెరగాలంటే మూడో వంతు శక్తి అదనంగా కావాలి. ఆ పదిశాతాన్ని మీరు పైసా ఖర్చు లేకుండా పొందవచ్చు. వేలాడేవన్నీ ఒంటికి హత్తుకునేలా కట్టి, కాళ్లు చాచి, లాగుడు తాడును మోచేయి కొద్దిగా వంగి చేతికి భారం లేకుండా స్కూటరు మీ నడుము పట్టీని లాగేంత పొడవుకు సర్దితే తేడా మీకే తెలుస్తుంది. లిథియం పెట్టాక వోల్టేజీ లోడు మీద పడిపోకుండా నిలుస్తుంది గనుక కొంత చురుకు ఎలాగూ వస్తుంది. మీ ప్రొపెల్లర్ రెక్కల కోణం మార్చగలిగే రకమైతే గోపాలపూర్ మసక నీటిలో తక్కువ కోణమే వాడండి. రెండు మీటర్లే కనబడే నీటిలో సెకనుకు మీటరు చొప్పున పోతుంటే ఎదురుగా వచ్చినదాన్ని తప్పించుకోవడానికి మీకు రెండు సెకన్లే ఉంటాయి. రుషికుల్య నది ముఖద్వారం దగ్గర ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుమికూడే నెలల్లో ఆ వైపు స్కూటరుతో పోనే కూడదు. నవంబరు 1 నుంచి మే 31 వరకు అక్కడ యాంత్రిక పడవల వేటకే నిషేధం ఉంటుంది, ప్రొపెల్లర్ మనదైనా దెబ్బ తాబేలుకు ఒకటే. కోలాబ్‌లోనైతే విద్యుత్ కేంద్రానికి నీరు లాగే ద్వారం దరిదాపులకు పోకండి. 320 మెగావాట్ల కేంద్రానికి పోయే ప్రవాహం ముందు ఏ స్కూటరూ నిలవదు.

బ్యాటరీ గంట నడుస్తుంది గదా అని గంట దూరం పోయే హక్కు మీకు రాదు. ఎంత దూరం పోవచ్చో తేల్చేది మీ సిలిండరులోని గాలి. స్కూటరు నిమిషానికి 50 మీటర్లు లాగుతుందనుకుంటే పది నిమిషాల్లో 500 మీటర్లు వెళతారు. అది ఆగిపోతే పూర్తి సామానుతో ఈదుకుంటూ నిమిషానికి 15 మీటర్ల చొప్పున తిరిగి రావడానికి 33 నిమిషాలు పడుతుంది. పది మీటర్ల లోతులో, శ్రమపడుతూ, ఉపరితలపు లెక్కన నిమిషానికి 25 లీటర్లు పీల్చే మనిషికి అక్కడ 50 లీటర్లు కావాలి, మొత్తం 1650 లీటర్లు. 12 లీటర్ల సిలిండరు 200 బార్ల దగ్గర ఇచ్చేది 2400 లీటర్లు. వెళ్లేటప్పుడు వాడినది, జోడీ డైవరు కోసం దాచవలసినది తీసేస్తే ఏమీ మిగలదు. ఈదుకుంటూ తిరిగి రాలేనంత దూరం స్కూటరు మీద వెళ్లవద్దు. ఇద్దరి దగ్గరా స్కూటర్లుంటే ఒకరిని మరొకరు లాగుతూ రావడం తీరం దగ్గర ముందుగానే సాధన చేయండి.

రోజువారీ సంరక్షణలో సముద్రం నుంచి రాగానే అరగంట మంచినీటి తొట్టెలో నానబెట్టి, నీటిలోనే ఒకటి రెండు సార్లు మోటారు తిప్పండి. కారు కడిగే ప్రెషర్ పంపుతో కడగవద్దు, ఆ ధార సీలు పెదవిని ఎత్తి ఇసుకను లోపలికి కొడుతుంది. అల్యూమినియం బాడీకి ఉన్న జింకు దిమ్మ సగం కరిగితే మార్చండి, దానికి రంగు వేయకండి. స్టెయిన్‌లెస్ స్క్రూలను ఏడాదికొకసారి విప్పి, అతుక్కోకుండా చేసే పేస్టు పూసి బిగించండి. వానాకాలంలో ప్యాకును బయటికి తీసి సగం చార్జితో నీడపట్టున ఉంచాలి, మే నెల ఎండలో కారు డిక్కీలో వదలకూడదు. లెడ్ యాసిడ్‌కు దీనికి వ్యతిరేకం, అది నిండు చార్జితోనే ఉండాలి. ఈ ప్యాకును అండమాన్‌కు విమానంలో తీసుకెళ్లాలన్న మీ ఆలోచన కుదరదు. ప్రయాణికుల విమానాల్లో 160 వాట్-అవర్ల పైబడిన లిథియం బ్యాటరీకి అనుమతి లేదు, మీది 768 అవుతుంది.

గొట్టం అడుగున రెండు లోహపు ముళ్లు, చిన్న బజరు ఉన్న తడి హెచ్చరిక పెట్టించడం చవకైన పని, అది మోగితే డైవ్ అక్కడితో ఆపాలి. ఉప్పునీరు బ్యాటరీని తాకితే హైడ్రోజన్, క్లోరిన్ వాయువులు పుట్టి మూసిన గొట్టంలో ఒత్తిడి పెంచుతాయి. అటువంటి స్కూటరును పడవలోకి ఎక్కించిన వెంటనే తెరవవద్దు. మనుషులకు దూరంగా, గాలివాలుకు పక్కగా పెట్టి, ముక్కు ఎవరివైపూ లేకుండా చూసి, ఒత్తిడి విడుదల వాల్వు పనిచేసిందని రూఢి చేసుకున్న తర్వాతే క్లిప్పులు వదలాలి. మీ స్కూటరుకు ఆ వాల్వు లేకపోతే లిథియం పెట్టే ముందే పెట్టించండి.

షాఫ్టు వ్యాసం వెర్నియర్‌తో మూడు చోట్ల కొలిచి, సీలు కూర్చునే గది లోపలి వ్యాసం, లోతు, షాఫ్టు మీది గాడి ఫోటోతో పంపండి. వాషరుతో జరపడానికి చోటుందో, తొడుగు వేయించాలో చూసి చెబుతాను. అది తేలేవరకు కొత్త బ్యాటరీకి బయానా ఇవ్వవద్దు.